పరిగేటి పురిటిల్లు

అనగనగా... ఆగండాగండి, ముందు సర్దుకుని పడుకోండి. ఒరే కిట్టూ, ఆ కాలు నా పొట్ట మీంచి తియ్యి. లల్లీ, దుప్పటంతా నువ్వే చుట్టుకోకు, అన్నకి కూడా ఉంచు. ఆఁ, అదీ. ఊ కొడితేనే చెప్తాను. మీ ఊ ఆగిందా, నా కథా అక్కడే ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో అనాలి కదా, నేను అలా అనను. అనగనగా ఒక ఏరు. ఏరు ముందు పుట్టింది, ఊరు తరవాత వచ్చి దాని ఒడ్డున కూచుంది. ఆ ఏటి పేరు పరిగేరు. ఏటి నిండా పరిగెలే ఉండేవిట, అందుకని ఆ పేరు. పరిగె అంటే చేపరా. మీరు బజార్లో చూసే వేలెడు చేప కాదు. జానెడు పొడుగు, వెండి పొలుసు, తోక మాత్రం పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉండేదిట. తొలకరి పడి ఏటికి ఎర్రనీళ్ళు దిగాయంటే చాలు, ఎక్కడో కిందనున్న పెద్ద మడుగులోంచి ఆ పరిగెలన్నీ నిండు పొట్టలేసుకుని, నీళ్ళకి ఎదురీదుకుంటూ పైకొచ్చేవి.

ఎందుకొచ్చేవి? పురుడు పోసుకోడానికి. ఆడపిల్ల పురిటికి ఎక్కడికెళ్తుందే లల్లీ? పుట్టింటికి. మీ అమ్మ మీ ఇద్దర్నీ కనడానికి నా దగ్గరికి రాలేదూ? ఇదీ అంతే. వాటి పుట్టిల్లు ఆ ఏటి వంపులో ఉండేది. వంపులో గులకరాళ్ళు, రాళ్ళ మీంచి గలగలా పారే నీళ్ళు, ఆ పక్కనే లోతు మడుగు. మడుగు మీదకి వంగిన చెట్లు, నీళ్ళల్లో పడి నానుతున్న మొద్దులు. రాళ్ళ సందుల్లో గుడ్లు పెట్టేవి, పిల్లలయ్యాక అవి మొద్దుల కింద దాక్కుని పెరిగేవి. ఎవరూ కట్టని ఇల్లు అది, దేవుడే కట్టాడు.

ఆ వంపు గట్టు మీదే ఒక ఊరు. అద్దంపాలెం. ఊరంతా అద్దంలా తుడిచి పెట్టుకునేవాళ్ళని ఆ పేరు. వాళ్ళకి శుభ్రం పిచ్చి. మీ అమ్మకి కూడా కొంచెం ఉందిలే, కానీ అద్దంపాలెం వాళ్ళ ముందు మీ అమ్మ ఏపాటి! ఈక రాలితే కోడిని తిట్టేవాళ్ళు, ఆకు రాలితే చెట్టుని తిట్టేవాళ్ళు, చుట్టాలొస్తే కాళ్ళు కడిగి, కడిగిన కాళ్ళు మళ్ళీ కడిగి లోపలికి రానిచ్చేవాళ్ళు. వాళ్ళందరిలోకీ సూరాయమ్మ అని ఒకావిడ. ఏటి వేపు వాకిలున్న ఇల్లు ఆవిడది. ఎంత వాకిలనుకున్నారు! పేడతో అలికి, మెలికల ముగ్గు వేసి ఉంచేది. ఆ వాకిట్లో విస్తరి లేకుండా అన్నం పెట్టుకు తినొచ్చని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. ఆవిడకి ఒక్కడే కొడుకు, అప్పన్న. వలేసి చేపలు పట్టేవాడు.

ఊ కొడుతున్నారా? కిట్టు కొడుతున్నాడు. లల్లీ, నువ్వో? ఆఁ.

అలా ఉండగా ఆ రాజ్యాన్నేలే రాజుగారికి ఒక బుద్ధి పుట్టింది. రాజులకి బుద్ధులు పుడుతూనే ఉంటాయి, అవస్థంతా మనది. ఆయన పడవెక్కి పరిగేటి వెంట వస్తాట్ట, ఏ ఊరి రేవు శుభ్రంగా ఉంటే ఆ ఊరికి వెండి చీపురు బహుమానం ఇస్తాట్ట. దండోరా వేయించాడు. ఇంక అద్దంపాలెం వాళ్ళని పట్టేదెవరు? వెండి చీపురు మనకి కాక ఇంకెవరికి వస్తుందని ఊరు ఊరంతా లేచింది.

కానీ ఒక చిక్కొచ్చి పడింది. ఇళ్ళు ఎప్పుడో తుడిచేశారు, వీధులు తుడిచేశారు, గొడ్ల కొమ్ములు కూడా కడిగేశారు. ఇంక తుడవడానికి ఏం మిగిలింది? ఊరి పెద్ద గవర్రాజు అటు చూశాడు, ఇటు చూశాడు, ఏటి వేపు చూశాడు. అమ్మో, ఏరంతా ఎంత చెత్తగా ఉందో అన్నాట్ట. అంతే, ఏటిని ఊడవడం మొదలెట్టారు.

నవ్వకండి, నిజంగానే ఊడ్చారు! గట్టు మీద రెల్లు జుట్టులా విరబోసుకుందని పీకేశారు. వంగిన చెట్లు వంకరగా ఉన్నాయని నరికేశారు. నీళ్ళల్లో మొద్దులు అడ్డంగా ఉన్నాయని ఎడ్లని కట్టి లాగి, ఎండబెట్టి పొయ్యిల్లో పెట్టారు. గులకరాళ్ళు తట్టలకెత్తుకుపోయి, ఎవరి అరుగు కింద వాళ్ళు వరసగా పేర్చుకున్నారు. గట్టుని గోడలా నిలువుగా చెక్కి, పేడనీళ్ళతో అలికి, దాని మీద సున్నం చారలు పెట్టారు. ఏటి గట్టుకి సున్నం చారలురా, ఎక్కడైనా విన్నారా?

రాజుగారొచ్చారు, చూశారు, భళీ అన్నారు. వెండి చీపురిచ్చి వెళ్ళిపోయారు. ఊరు ఊరంతా మీసాలు దువ్వుకుంది.

ఆ ఏడు వానొచ్చింది. ఏరొచ్చింది. ఇంక వినండి ఏమైందో. రెల్లు పోయె, రెల్లుతో వేరు పోయె, వేరుతో పట్టు పోయె, పట్టుతో గట్టు పోయె, గట్టుతో నీడ పోయె, నీడతో చేప పోయె, చేపతో పులుసు పోయె, పులుసుతో ఊరి నోట రుచి పోయె. ఇంకోసారి చెప్పనా? వద్దా? సరే, ముందుకెళ్తా. సున్నం చారలతో సహా గట్టు పెళ్ళలు పెళ్ళలుగా ఏట్లో పడింది. నిండు పొట్టలేసుకుని పాపం పరిగెలు రానే వచ్చాయి. వచ్చి చూస్తే రాయి లేదు, నీడ లేదు, మొద్దు లేదు. పుట్టింటికొచ్చిన పిల్ల ఇల్లే కనపడకపోతే ఏం చేస్తుంది? కాసేపు అక్కడక్కడే తిరిగి, తిరిగి తిరిగి, వెనక్కి వెళ్ళిపోయాయి. మరుసటేడు రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. అప్పన్న వల ఏట్లో వేస్తే బురదా, ఎండు పుల్లలూ తప్ప ఏమీ పడేవి కాదు.

గట్టు మాత్రం ఏటేటా కోసుకుపోతూనే ఉంది. సూరాయమ్మ గొడ్లపాక పోయింది. వాకిలి సగం పోయింది. ఆవిడేమో ఉన్న సగాన్నే ఇంకా మెరిసేలా అలుకుతూ కూచుంది.

అప్పుడొచ్చింది ఆ ఇంటికి కొత్త కోడలు. చిలకమ్మ. ఎక్కడి పిల్లనుకున్నారు? ఏటి పైవేపు కొండవాలు పిల్ల. నా పుట్టిల్లు కూడా ఏటి పైవేపేరా, ఏ ఏరైతేనేం! పైవేపు ఆడపిల్లలకి నీళ్ళ సంగతి ఒకళ్ళు నేర్పక్కర్లేదు. మీ తాతయ్య ఒప్పుకునేవారు కాదనుకో, ఆయన సంగతి ఇప్పుడెందుకు.

వచ్చిన మర్నాడే అత్తగారితో తగువు పడింది. చిలకమ్మ వాకిట్లో ఆకులు ఊడవలేదుట. సూరాయమ్మ కొండపిల్లకి పద్ధతి తెలీదని ఊరంతా వినేలా సాధించింది. చిలకమ్మ చీపురు తీసి వాకిలి ఊడ్చేసి, ఏటి గట్టు దాకా వెళ్ళి, కిందకి చూసి, ఠక్కున ఆగిపోయింది. గట్టు గోడలా నిలువుగా ఉంది. దాని కడుపులో ఒక్క వేరు లేదు. చెయ్యి పెడితే చక్కెరలా రాలుతోంది. వెనక్కొచ్చి అత్తగారితో అందిట కదా, "ఇంటికి చీపురు అందం అత్తా, ఏటికి చెత్తే అందం. మీరు దాని చీర లాగేశారు, అది మీ గోడ లాగేస్తోంది."

సూరాయమ్మ వింటుందా? నిన్నగాక మొన్నొచ్చినదానివి, నాకు చెప్పేదానివా అంది.

ఈలోగా రాజుగారి మనుషులొచ్చారు. ఇంకో వరదొస్తే ఈ వరస ఇళ్ళన్నీ ఏట్లోకి పోతాయి, తొలకరి లోపల సామాన్లు కట్టుకుని మెట్ట మీదకి పొండని చెప్పి వెళ్ళారు. ఊళ్ళో వాళ్ళు కట్టుకోవడం మొదలెట్టారు. సూరాయమ్మ మాత్రం గుమ్మంలో కూలబడింది. ఈ ఇంట్లో కుడికాలు పెట్టి వచ్చాను, మావగారు పోయింది ఈ ఇంట్లో, కొడుకుని కన్నది ఈ ఇంట్లో, పోతే ఇంటితోనే పోతానని ఏడ్చింది. ఎంత గయ్యాళైనా ఇల్లు పోతోందంటే కడుపు తరుక్కుపోదూ? నాకే ఏడుపొస్తుంది తలుచుకుంటే.

చిలకమ్మ పక్కన కూచుంది. ఇల్లు నిలబెడతాను అత్తా, కానీ మీరు నాకొకటి ఇవ్వాలి అంది. ఏమిటంది సూరాయమ్మ. వాకిలి ఇవ్వాలంది. మిగిలిన ఆ సగం వాకిలీ తవ్వి, ఇంటి దగ్గర్నించి నీళ్ళ దాకా వాలుగా చెయ్యాలి. నిలువు గట్టు మీద ఏ మొక్కా నిలవదు, వాలు మీదైతే వేరు పట్టుకుంటుంది అంది.

అమ్మో! ప్రాణం అడిగినా ఇచ్చేదేమో కానీ ఆ వాకిలి ఇస్తుందా? ఇస్తుందంటావా కిట్టూ? ఇవ్వలేదు. కోడలితో మాట మానేసింది. తెల్లారి లేచి, పంతానికి రోజూకన్నా పెద్ద ముగ్గు మొదలెట్టింది. మెలిక మీద మెలిక తిప్పి, చివరి చుక్క పెట్టబోయింది. వాన లేదు, వరద లేదు. అలా చూస్తుండగానే ముగ్గు సగం మీంచి వాకిలి పగిలి, ఆ పెళ్ళ ముగ్గుతో సహా ఏట్లోకి జారిపోయింది. చుక్క పెట్టాల్సిన చోట గాలి మిగిలింది.

సూరాయమ్మ ముగ్గుచిప్ప పక్కన పెట్టింది. చీర దోపుకుంది. లోపలికెళ్ళి గునపం తెచ్చి, కోడలు కూడా కాదు, తనే, తన చేత్తోనే, ఎన్నేళ్ళో అలికి అలికి రాయిలా చేసిన ఆ వాకిట్లో మొదటి పోటు పొడిచింది. అలాంటి మనిషిరా సూరాయమ్మ. తప్పంటే తప్పే, దిద్దుకుంటే మాత్రం అలా దిద్దుకోవాలి.

ఇంకేముంది, సూరాయమ్మే వాకిలి తవ్విందంటే ఊళ్ళో ఎవరు నోరెత్తుతారు? కట్టుకున్న మూటలు విప్పారు. పని మొదలైంది.

చిలకమ్మ ముందు నిలబడి చెప్పేది, ఊరంతా చేసేది. మొదట వాలు తీశారు. తరవాత గాలికి పడిన చెట్లు వెతికి, వేళ్ళతో సహా ఈడ్చుకొచ్చి, మాను గట్టులోపల పాతి, వేళ్ళ కుచ్చు మాత్రం నీళ్ళల్లోకి ఉండేలా పెట్టారు. దూకుడుగా వచ్చే నీళ్ళు ఆ వేళ్ళకి తగిలి మెత్తబడతాయిట, కింద చేపకి చీకటీ దొరుకుతుందిట. వావిలి కొమ్మలు పచ్చివి కొట్టి, మోపులు కట్టి, గట్టు అడుగున బారుగా పాతిపెట్టారు. వావిలి మొండిదిరా, కొమ్మ పాతితే చాలు, చిగురేస్తుంది. దాని పైన వట్టివేరు, దాని పైన రెల్లు.

మరి రాళ్ళో? రాళ్ళన్నీ అరుగుల కింద ఉన్నాయి కదా. సూరాయమ్మ తట్ట పట్టుకుని ఇంటింటికీ వెళ్ళింది. గవర్రాజు వాళ్ళావిడ మా అరుగు పాడవుతుందని నసిగితే, నా వాకిలే పోయింది, నీ అరుగెంత అని ఒక్క కసురు కసిరిందిట. సూరాయమ్మ నోరు తెలిసిందే, రాళ్ళన్నీ బయటికొచ్చాయి.

అక్కడ మళ్ళీ తమాషా. అద్దంపాలెం వాళ్ళకి చెత్తగా వెయ్యడం చేతకాదే! రాళ్ళన్నీ కడిగి, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస, పళ్ళు పేర్చినట్టు ఏట్లో పేర్చారు. చిలకమ్మ నెత్తి కొట్టుకుని, అలా కాదు మావయ్యా, పారబొయ్యండి, ఎలా పడితే అలా పడాలి అంది. గవర్రాజు చెయ్యి రాదే! కళ్ళు మూసుకుంటే కానీ ఆయన ఒక్క తట్ట పారబొయ్యలేకపోయాట్ట. ఇంక సూరాయమ్మ అయితే, పొద్దున్నే ఎవరూ లేవకుండా గట్టు మీదకెళ్ళి, రెల్లు కింద రాలిన ఆకులు గబగబా ఊడుస్తూ కోడలికి దొరికిపోయింది. అలవాటు పడిన చెయ్యి కదూ. చిలకమ్మ నవ్వుతూ చీపురు లాక్కుని అటక మీద పడేసింది.

ఊ... నిద్రొస్తోందా? ఇప్పుడు పడుకున్నారంటే అసలైంది పోగొట్టుకుంటారు, ఊ కొట్టండి.

తొలకరి వచ్చింది. ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. ఊరంతా గట్టు మీదకొచ్చి నిలబడింది. సూరాయమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ఏరొచ్చింది. ఎర్రగా, నురగలు కక్కుకుంటూ, చెట్లకి చెట్లే మోసుకుంటూ వచ్చింది. వచ్చి ఆ వేళ్ళ కుచ్చులకి తగిలింది. సుడి తిరిగింది. మళ్ళీ తగిలింది, మళ్ళీ తిరిగింది. వావిలి కొమ్మలు నీళ్ళల్లో పడుకున్నాయి, మునిగాయి, కానీ ఊడి రాలేదు. ఏరు కాసేపు రంకెలేసి, నడి ఏట్లోకి మళ్ళి, తన దారిన తను పోయింది. నీళ్ళు తీశాక చూస్తే పిడికెడు మట్టి పోలేదు. పోకపోగా, వాలు మీద మెత్తటి ఒండ్రు కూడా పెట్టి వెళ్ళింది! ఇల్లు ఇల్లులాగే ఉంది. సూరాయమ్మ గోడ తడిమి, తడిమి, కోడలి మొహం రెండు చేతులతో పట్టుకుని మెటికలు విరిచింది. అబ్బ, చెప్తుంటే నాకే ఒళ్ళు పొంగుతోందిరా.

ఆ వెనకే వచ్చాయి. ఏవి? పరిగెలు! రెల్లు వచ్చె, రెల్లుతో వేరు వచ్చె, వేరుతో పట్టు వచ్చె, పట్టుతో గట్టు నిలిచె, గట్టుతో నీడ వచ్చె, నీడకి చేప వచ్చె. ఎన్నేళ్ళకి వచ్చాయో, పచ్చ తోకలు ఊపుకుంటూ, నిండు పొట్టలతో, మొద్దుల కింద అలుపు తీర్చుకుని, రాళ్ళ మీదకి చేరాయి. మగాళ్ళకి నోట్లో నీళ్ళూరాయి. వలలు భుజానేసుకుని పరుగెత్తుకొచ్చారు. సూరాయమ్మ మోకాల్లోతు బురదలోకి దిగి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "పురిటికొచ్చిన పిల్లని కూరొండుకు తింటార్రా?" అంది. అప్పన్న తన వల తీసి కొయ్యకి తగిలించాడు. మిగతావాళ్ళూ తగిలించారు. పురిటింటి గుమ్మానికి వేపమండ కడతాం చూడండి, అలాగే వంపు మొదట్లో ఈ గట్టు నించి ఆ గట్టుకి కొబ్బరితాడు లాగి, తాడు నిండా వేపమండలు కట్టించింది సూరాయమ్మ. పిల్లలు ఈదేదాకా ఇటు వల రాకూడదు, పడవ రాకూడదు.

సరిగ్గా అప్పుడు, కూ అంటూ బాకా ఊదుకుంటూ రాజుగారి పడవ! వెండి చీపురిచ్చిన ఊరు ఎలా ఉందో చూద్దామనీ, పనిలో పనిగా మామిడికాయ వేసిన పరిగె పులుసు తిందామనీ వచ్చాడు. చూస్తే ఏముంది? గట్టంతా రెల్లు, వావిలి, బురద, మొద్దులు. ఇదేం ఊరు, జుట్టు విరబోసుకుందేమిటని కళ్ళెర్రజేశాడు. బంట్రోతులు తాడు తెంపమని అరిచారు. గవర్రాజు అరుగు వెనక్కి నక్కాడు.

సూరాయమ్మ కదల్లేదు. ఒంటి మీద చీరంతా బురదే. ఒకప్పుడు గోటి మీద మట్టి పడితే స్నానం చేసే మనిషి! అలాగే నిలబడి, నమస్కారం పెట్టి, గొంతెత్తి అందిట, "నువ్వు రాజువే బాబూ, కాదన్నదెవరు? కానీ ఇది పురిటిల్లు. మా కోడలు కట్టిన పురిటిల్లు. పురిటింట్లోకి మగవాడు రాకూడదు, మహారాజైనా సరే."

బంట్రోతులు రాజు మొహం వంక చూశారు. ఆయన తాడు వంక చూశాడు, వేపమండల వంక చూశాడు. ఆయనా ఒక తల్లి కన్న బిడ్డే కదా. పడవ ఆపించాడు. చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బురదలో కాళ్ళు దిగబడుతుంటే గట్టు వెంట నడిచొచ్చాడు. వచ్చి, సూరాయమ్మ పక్కన గొంతుక్కూచుని కిందకి చూశాడు. నీళ్ళల్లో రాళ్ళ మీద పచ్చ తోకలు తళుక్కు తళుక్కుమంటున్నాయి. ఎవరమ్మా ఆ కోడలు అని అడిగాడు. సూరాయమ్మ వెనకనున్న చిలకమ్మని చెయ్యి పట్టి ముందుకి లాగి, ఇదిగో, ఇదే అంది. ఆ అనడంలో ఆవిడ తల ఎంత ఎత్తుకి లేచిందో చూడాల్సింది!

రాజుగారికి ఆ పూట పరిగె పులుసు లేదు. పప్పూ, మామిడికాయ పచ్చడీ పెట్టారు. లొట్టలేసుకు తిన్నాట్ట. తిని, నా దండోరా విని ఇలాగే ఊడ్చేసిన ఊళ్ళు ఈ ఏటి పొడుగునా ఉన్నాయి తల్లీ, నువ్వొచ్చి వాటికి కూడా గట్లు నిలబెట్టాలని చిలకమ్మని చేతులు జోడించి అడిగాడు. పల్లకీ పంపించాడు. చిలకమ్మ పల్లకీలో కూచుంది. మరి దాని ముందు నడిచిందెవరనుకున్నారు? సూరాయమ్మ! కాళ్ళకి బురద, చేతిలో వావిలి మోపు, ఊరూరా కేకేసుకుంటూ నడిచింది. తప్పుకోండమ్మా తప్పుకోండి, మా కోడలొస్తోంది, మీ ఏటిని బతికించడానికి మా కోడలొస్తోంది అని. ఆ ఏడు కాకపోతే ఆపై ఏడు, పరిగేటి పొడుగునా ప్రతి వంపులోనూ పరిగెలు పురుడు పోసుకున్నాయి. పిల్లలు ఈది వెళ్ళిపోయాక వలలు దిగాయి, ఊరంతా పులుసు కాచుకుని సుఖంగా ఉంది.

అదర్రా సంగతి. ఇల్లు ఊడిస్తే లక్ష్మి వస్తుంది, ఏరు ఊడిస్తే గంగ వెళ్ళిపోతుంది. ఏది ఊడవాలో, ఏది వదిలెయ్యాలో తెలిసినవాళ్ళే శుభ్రమైనవాళ్ళు. రేప్పొద్దున మీ అమ్మకి కూడా చెప్పండి, నేను చెప్పానని మాత్రం చెప్పకండి.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లో దూరదాం. కిట్టూ... లల్లీ... ఊ ఏదర్రా? పడుకున్నారా. పడుకోండి బంగారు తండ్రులూ, పడుకోండి.